రెండు నెలలకు మెల్‌బోర్న్ వెళ్తున్నాను, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడాలంటే ఏం చేయాలి?

గెలాక్సీ రాయి (చీమకుర్తి):

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, చీమకుర్తి పక్కన పల్లెటూరు. ఇక్కడే ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్, ఎక్స్‌పోర్ట్ కాగితాలు రెండూ నేనే చూస్తాను. బ్లాకు కోతకు ఎక్కిన దగ్గర నుంచి పాలిష్ పూర్తయి, స్లాబులు క్రేట్లలో సర్ది కంటైనర్ తలుపు వేసేదాకా అంతా నా కళ్ల ముందే జరుగుతుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, మెయిల్స్ అన్నీ ఇంగ్లిష్‌లోనే రాస్తాను. రాయడంలో ఇబ్బంది లేదు. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, తర్వాత ఒంగోలులో డిగ్రీ.

ఇబ్బందల్లా మాట్లాడటంలోనే. బయ్యర్ వీడియో కాల్‌లోకి వచ్చాడంటే టెన్షన్ మొదలవుతుంది. ఆయన అడిగింది చాలావరకు అర్థమవుతుంది, జవాబు కూడా తెలుసు. దాన్ని తెలుగులో పేర్చుకుని ఇంగ్లిష్‌లోకి మార్చుకునేలోపు ఆయన ఇంకో ప్రశ్నకు వెళ్లిపోతాడు. ఈమధ్య ఒక స్లాబు ఫొటో పెట్టి "ఇది పగులు కదా" అన్నారు. అది పగులు కాదు, రాయిలో పుట్టుకతో వచ్చిన గీత. గోరుతో అడ్డంగా గీస్తే తగలదు. నీళ్లు పోసి తుడిస్తే చుట్టూ ఎంత త్వరగా ఆరుతుందో గీత దగ్గర కూడా అంతే త్వరగా ఆరుతుంది. పగులైతే అక్కడ తడి గీతలాగా నిలబడిపోతుంది. ఇదంతా తెలిసి కూడా నా నోటి నుంచి "నో క్రాక్ సార్, నేచురల్ సార్" తప్ప ఇంకో మాట రాలేదు. ఆ స్లాబులకు ధర తగ్గించి ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ బయ్యరే మెల్‌బోర్న్ రమ్మన్నారు. జూన్‌లో బయల్దేరి దాదాపు రెండు నెలలు ఉండాలి. కంటైనర్లు దిగేటప్పుడు దగ్గరుండి చూడటం, వాళ్ల కస్టమర్లను కలవడం, కంప్లయింట్లు వస్తే మాట్లాడటం నా పని. బిజినెస్ విజిటర్ వీసా. యార్డు డాండినాంగ్ వైపు ఉంది. మా పెదనాన్న కొడుకు తార్నీట్‌లో ఉంటాడు, "రూముకు డబ్బులెందుకు దండగ, మా ఇంట్లోనే ఉండరా" అంటున్నాడు. వదిన వాళ్లదీ ఒంగోలే, ఇల్లంతా తెలుగే.

రెండు నెలల్లో నా ఇంగ్లిష్‌లో నిజంగా తేడా వస్తుందా? అన్న ఇంట్లో ఉండాలా, వేరే రూము చూసుకోవాలా? వెళ్లేలోపు ఇక్కడ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరితే ఉపయోగం ఉంటుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుందో రాదో తెలియదు. వచ్చినదాన్ని పూర్తిగా వాడుకోవాలని ఉంది.

పెన్నా గట్టు (నెల్లూరు):

బ్రదర్, నిరుత్సాహపరచాలని కాదు గానీ, మా కంపెనీ నుంచి సింగపూర్ ప్రాజెక్టుకు కుర్రాళ్లు కొన్ని నెలల చొప్పున వెళ్లొస్తుంటారు. అందరిదీ ఒకటే ఫ్లాటు, ఒకటే వంట, రాత్రయితే తెలుగు సినిమా. వెళ్లేటప్పుడు ఎంత ఇంగ్లిష్ ఉందో వచ్చేటప్పుడూ అంతే ఉంటోంది. దేశం మారితే భాష దానంతట అదే వస్తుందనుకోవద్దు. నన్నడిగితే, బయల్దేరేలోపు ఒంగోలులో మంచి ఇన్‌స్టిట్యూట్ చూసి చేరు. గ్రామర్ గట్టిగా ఉంటే ధైర్యం అదే వస్తుంది.

రామతీర్థం (ఒంగోలు):

ఫ్లాటు గురించి పెన్నా గట్టు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. గ్రామర్ సంగతి మాత్రం నేను ఒప్పుకోను. ఈ తమ్ముడు మెయిల్స్ రాస్తున్నాడు, ఇన్‌వాయిస్ చేస్తున్నాడు. కావాల్సిన గ్రామర్ అతని దగ్గర ఉంది. లేనిది మాట్లాడే అలవాటు.

తమ్ముడూ, నేను కూడా రాయి వ్యాపారంలోనే ఉన్నాను. మార్కెటింగ్ చూస్తాను, మెల్‌బోర్న్, సిడ్నీ యార్డులు బాగా తిరిగాను. రెండు నెలల్లో ఇంగ్లిష్ మొత్తం రాదు. నీకు మొత్తం అక్కర్లేదు కూడా. నీ రాయి గురించి, నీ పని గురించి, నువ్వుండే వీధి గురించి తడుముకోకుండా మాట్లాడగలిగితే చాలు. అందుకు రెండు నెలలు సరిపోతాయి. కాకపోతే రోజూ అవే చోట్లకు వెళ్లి అవే మనుషులతో మాట్లాడాలి.

ఎందుకంటే, కొత్తవాళ్లతో మాట ఎప్పుడూ ఒకేచోట ఆగిపోతుంది. ఏ ఊరు, ఎప్పుడొచ్చావు, చలి ఎలా ఉంది? ఈ మూడు అయ్యాక నవ్వి వెళ్లిపోతారు. రోజుకో కొత్త మనిషితో మాట్లాడితే రెండు నెలలూ ఆ మూడు జవాబులే చెప్తావు. అదే మనిషి నాలుగో రోజు కూడా ఎదురైతే ఆ ప్రశ్నలు అయిపోయి ఉంటాయి. అప్పుడు వాళ్ల అబ్బాయి బైక్ రిపేరు సంగతో, నిన్నటి ట్రక్కు ఎందుకు లేటైందో మాట్లాడుకోవాల్సి వస్తుంది. నోరు తిరగడం అక్కడ మొదలవుతుంది. పైగా చెవి ఒక మనిషి యాసకు అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది. ఆస్ట్రేలియా వాళ్లు "టుడే" అంటే మన చెవికి "టుడై" అని వినపడుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆయన మాట మొదట్లో ముక్క అర్థం కాకపోయినా కంగారు పడొద్దు. రెండో వారానికి ఆయన తల తిప్పకుండా మాట్లాడినా నీకు తెలుస్తుంది. ఆయన యాస పట్టుబడితే మిగతావాళ్లది సగం పట్టుబడినట్టే.

అక్కడ యార్డులు పొద్దున్నే ఏడింటికి మొదలవుతాయి. తొమ్మిదిన్నర, పది మధ్యలో టీ బ్రేక్ ఇస్తారు, దాన్ని స్మోకో అంటారు. రంపం దగ్గర మనిషి, ఫోర్క్‌లిఫ్ట్ ఆయన, ఆఫీసులో అమ్మాయి అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. మనవాళ్లు సరిగ్గా ఆ టైముకి ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లి కారులో కూర్చుంటారు. నువ్వు ఆ పని చేయొద్దు. రెండు నెలల్లో నీకు దొరికే అసలు క్లాసు ఆ పావుగంటే. మాటలు రాకపోయినా కూర్చో, విను, నవ్వొచ్చిన చోట నవ్వు. సోమవారం "వీకెండ్ ఏం చేశావు" అని అడుగుతారు, శుక్రవారం "ఏం ప్లాన్" అని అడుగుతారు. ఇవి తప్పకుండా వస్తాయి కాబట్టి ఆదివారం రాత్రే రెండు వాక్యాలు సిద్ధం చేసుకో. "నథింగ్ స్పెషల్" అంటే మాట అక్కడే తెగిపోతుంది. "ఫలానా మార్కెట్‌కి వెళ్లాను, బెండకాయ దొరికింది, ధర చూస్తే మా ఊళ్లో గంపెడు వస్తుంది" అను, అవతలివాళ్లకు ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది.

జూన్ అంటే ఫుట్‌బాల్ సీజన్ మధ్యలో వెళ్తావు. మన ఫుట్‌బాల్ కాదు, వాళ్ల ఏఎఫ్ఎల్. మెల్‌బోర్న్‌లో "హూ డు యూ బ్యారక్ ఫర్" అని అడగని మనిషి ఉండడు, ఏ జట్టు వైపు అని. ఒక జట్టును ఎంచుకో. కాలింగ్‌వుడ్, కార్ల్‌టన్, రిచ్‌మండ్, ఏదైనా సరే. శనివారం ఆట కాసేపు చూస్తే సోమవారం స్మోకోలో నీకు ఒక పక్షం ఉంటుంది, నిన్ను ఏడిపించేవాళ్లూ ఉంటారు. క్రికెట్ ఎటూ ఉంది. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ గ్రౌండ్‌లో మన నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టిన రోజు గురించి అక్కడివాళ్లు నీకంటే ముందే ఎత్తుతారు. "ఆ అబ్బాయిది మా రాష్ట్రమే" అని మొదలుపెట్టు, మాటలు వాటంతటవే వస్తాయి.

ఇప్పుడు పనిలో మాట. అన్నిటికంటే ముందు అంకెలు. మనం 240 బై 60 అని సెంటీమీటర్లలో చెప్తాం. వాళ్లు అన్నీ మిల్లీమీటర్లలో చెప్తారు. అది కూడా "టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్" అనరు, "ట్వెంటీ ఫోర్ హండ్రెడ్ బై సిక్స్ హండ్రెడ్" అంటారు. మొదటిసారి వింటే ఇరవై నాలుగు ఏంటి, వంద ఏంటి అని తికమకగా ఉంటుంది. ఇప్పటి నుంచే మీ ప్యాకింగ్ లిస్టు ముందు పెట్టుకుని ప్రతి సైజునూ ఆ పద్ధతిలో పైకి చదువు. రోజుకో కంటైనర్ లిస్టు చదివినా వెళ్లేసరికి నోట్లో నానిపోతుంది. ఇక థర్టీ, థర్టీన్ లాంటివి. ఇవి ఫోన్లో ఎవరికైనా తేడాగా వినపడతాయి. మందం చెప్పేటప్పుడు "థర్టీ, త్రీ జీరో" అని అంకెలు విడదీసి ఇంకోసారి చెప్పు. అవతలివాళ్లు చెప్పినప్పుడు కూడా "త్రీ జీరో, రైట్?" అని అడుగు. అలా అడిగితే ఇంగ్లిష్ రాదనుకోరు, పని జాగ్రత్తగా చేసే మనిషి అనుకుంటారు.

ఫోన్లో చెప్పలేని మాట స్లాబు ముందు నిలబడితే చెప్పగలుగుతావు. వేలితో గీతను చూపించు, గోరుతో గీసి చూపించు, నీళ్ల సీసా తీసుకుని పోసి తుడువు, ఆరేదాకా ఆగు. చేత్తో చేస్తున్నదే నోటితో చెప్పు. "నో ఎడ్జ్ హియర్. ఫీల్ ఇట్. నౌ వాచ్ ది వాటర్. ఇట్ డ్రైస్ ఈవెన్లీ. ఎ క్రాక్ వుడ్ స్టే వెట్." ఇంతే. ఇవి పెద్ద వాక్యాలు కావు, అయినా నీ ధర నిలబెడతాయి. వెళ్లేలోపు చీమకుర్తిలో రోజూ సాయంత్రం ఒక స్లాబు ముందు నిలబడి ఇదే చెయ్యి. ఫోన్లో రికార్డు పెట్టుకుని ఆ స్లాబు గురించి పాలిష్ ఎలా ఉంది, చుక్కలు ఎలా పరుచుకున్నాయి, మూలల్లో ఏముంది అన్నీ ఇంగ్లిష్‌లో చెప్పు. విను. ఎక్కడ ఆగావో చూసుకుని అదే స్లాబు గురించి మళ్లీ చెప్పు. రెండోసారి తడబాటు తగ్గిపోతుంది. ఇన్‌స్టిట్యూట్‌లో "మై ఫేవరెట్ ఫెస్టివల్" మీద మాట్లాడిస్తారు. నీకు కావాల్సింది అది కాదు. ఆ డబ్బులు దాచుకుని డాండినాంగ్‌లో రూముకు పెట్టు.

రూము సంగతి. తార్నీట్ ఊరికి పడమర, డాండినాంగ్ ఆగ్నేయం. మధ్యలో నగరం మొత్తం ఉంది. ఏడింటికి యార్డులో ఉండాలంటే చీకట్లో లేచి రైళ్లు మారాలి. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. డాండినాంగ్‌లోనే చూసుకో. అక్కడ అఫ్గాన్లు, శ్రీలంక వాళ్లు, వియత్నాం వాళ్లు, అందరూ కలిసి ఉంటారు. ఇంట్లో తెలుగు గానీ హిందీ గానీ రాని మనిషి ఒక్కరైనా ఉండేలా చూసుకో. అప్పుడు ఉప్పు డబ్బా అడగాలన్నా ఇంగ్లిషే దిక్కు. అన్న దగ్గరికి శనివారం వెళ్లి ఆదివారం వచ్చెయ్.

కావలి టీచరమ్మ:

నాయనా, నేను జిల్లా పరిషత్ స్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లోనే ఉంటుంది, కాన్పుకు వెళ్లి కొన్ని నెలలు ఉన్నాను. రామతీర్థం గారు చెప్పింది చదువుతుంటే సంతోషంగా ఉంది. నీలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. పరీక్షలో మంచి మార్కులు వస్తాయి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు ఇంగ్లిష్‌లో పేరడిగితే తల దించుకుంటారు. లోపం పిల్లల్లో లేదు. క్లాసులో అరవై మంది ఉంటే ఒక్కొక్కరికి మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది?

థర్టీ, థర్టీన్ తేడా ఎక్కడుందో చెప్తాను. మనం తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బలంతో పలుకుతాం. ఇంగ్లిష్ వాళ్లు మాటలో ఒక భాగాన్ని గట్టిగా పలికి మిగతావి మింగేస్తారు. థర్టీలో బరువు మొదట ఉంటుంది, థర్టీన్‌లో మామూలుగా చివర ఉంటుంది. నువ్వు రెండు చోట్లా సమానంగా పలికితే వాళ్లకు ఏదో తేలదు. ఫిఫ్టీ, ఫిఫ్టీన్ కూడా అంతే. చప్పట్లు కొడుతూ పలుకు, బరువున్న చోట చప్పట్లు గట్టిగా పడాలి. చిన్నపిల్లల ఆటలాగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. ఇంకోటి, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనకు తెలియకుండానే "స్లాబు", "ట్రక్కు" అంటాం. ఆ చివరి ఉకారం తీసేస్తే చాలు, మాట వాళ్లకు త్వరగా అందుతుంది. యాస మార్చుకునే పని మాత్రం పెట్టుకోవద్దు. నీ యాస నీకు ఉండాలి, మాట తేటగా ఉంటే చాలు.

చెవి సంగతి ఇక్కడి నుంచే మొదలుపెట్టు. ఏబీసీ అంటే ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ. వాళ్ల ఏబీసీ రేడియో మెల్‌బోర్న్ నెట్‌లో వస్తుంది. జూన్‌లో వాళ్లు మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటారు. ఇక్కడ తెల్లవారుజామున 5 గంటలకు పెడితే అక్కడ 9.30. జనం ఫోన్లు చేసి రోడ్ల గురించి, కరెంటు బిల్లుల గురించి మాట్లాడే కార్యక్రమాలు వస్తాయి. చదివిన వార్తల కంటే ఆ మాటలే నీకు పనికొస్తాయి, ఎందుకంటే నీకు ఎదురయ్యేది ఆ మనుషులే. అది కష్టమనిపిస్తే పిల్లల కోసం చేసే బిహైండ్ ది న్యూస్ చూడు, అదీ ఏబీసీదే. తేటగా మాట్లాడతారు. ఒక నిమిషం ముక్క తీసుకుని, వాళ్లతోపాటు గొంతు కలిపి అదే వేగంతో పలుకు. అర్థం కోసం ఆగొద్దు, ముందు నోరు ఆ వేగానికి అలవాటు పడాలి.

అక్కడికి వెళ్లాక సాయంత్రం లైబ్రరీకి పో. చాలా లైబ్రరీల్లో వారానికో రోజు ఉచితంగా ఇంగ్లిష్ సంభాషణ బృందాలు నడుపుతారు. పేట పేటకూ నైబర్‌హుడ్ హౌస్ అని ఉంటాయి, అక్కడ కొద్ది ఫీజుతో క్లాసులు పెడతారు. వలస వచ్చినవాళ్లకు ప్రభుత్వం నడిపే ఉచిత కోర్సు వేరే ఉంది, అది విజిటర్ వీసా వాళ్లకు రాదు, దానికోసం తిరగొద్దు. విజిటర్ వీసా మీద మూడు నెలల లోపు చదువుకోవచ్చు కాబట్టి ఈ చిన్న క్లాసులకు అడ్డం లేదు. నీ వీసా లెటర్‌లో షరతులు మాత్రం ఒకసారి చదువుకో.

నేను వెళ్లిన లైబ్రరీలో ఒకరోజు మాకిచ్చిన విషయం వాన. ఒకరి తర్వాత ఒకరు వాన బాగుంటుంది, గొడుగు తెచ్చుకోవాలి అని చెప్పి ఊరుకుంటున్నారు. నా వంతు వచ్చింది. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి చెప్పాను. పెంకులు లేచిపోవడం, మేం తలుపుకు మంచం అడ్డంపెట్టి రాత్రంతా దాన్ని పట్టుకుని కూర్చోవడం, తెల్లారి చూస్తే వీధిలో ఒక్క కరెంటు స్తంభం నిలువుగా లేకపోవడం. ఆ తుపాను పేరు గే అని చెప్పగానే ఎదురుగా కూర్చున్న థాయిలాండ్ ఆవిడ చేయి ఎత్తింది. ఆవిడది చుంఫోన్. అదే తుపాను మా మీదకు రావడానికి కొద్ది రోజుల ముందు వాళ్ల ఊరి మీద పడింది. అప్పుడావిడ చిన్నపిల్ల. ఇక లైబ్రరీ మూసేదాకా మేమిద్దరమే మాట్లాడుకున్నాం. ఆవిడ క్రియలన్నీ వర్తమానంలోనే చెప్పింది, నాకు ఒక్కటి కూడా అడ్డం రాలేదు. ఎర్రపెన్ను పట్టుకుని బతికినదాన్ని, ఆ రోజు నాకు ఆ తప్పులు వినపడనే లేదు.

అందుకే చెప్తున్నా నాయనా, వాళ్ల దేశం గురించి మాట్లాడాలని కష్టపడొద్దు. చీమకుర్తి గురించి చెప్పు. క్వారీ ఎంత లోతు ఉంటుంది, బ్లాకును ఎలా విడదీస్తారు, ఎండాకాలం ఆ గుంతలో వేడి ఎలా ఉంటుంది? ఇవి వాళ్లెవరికీ తెలియవు, నీకు బాగా తెలుసు. చెప్పాల్సింది నిండుగా ఉంటే మాట ఆగదు.

అన్న ఇంటి విషయంలో మాత్రం నాది కొంచెం వేరే మాట. మొదటి వారం వాళ్లింట్లోనే ఉండు. కొత్త దేశం, చలికాలం, ఐదింటికే చీకటి పడుతుంది. రైళ్లు, బస్సులకు వాడే మైకీ కార్డు కొనడం, రైలు ఎక్కడం, బియ్యం ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోవడం అయ్యాక రూముకు మారు. కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోయినవాడికే మాట వస్తుంది.

చెక్క గరిటె (ఉదయగిరి):

బాబూ, అక్కడ మెన్స్ షెడ్ అని ఉంటాయి, కనుక్కో. ఆస్ట్రేలియాలోనే మొదలయ్యాయి, దేశమంతా వెయ్యికి పైనే ఉన్నాయి. మగవాళ్లు, ఎక్కువమంది రిటైరైనవాళ్లు, చేరి చెక్కపని, రిపేర్లు చేసుకుంటూ మాట్లాడుకుంటారు. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు నన్ను ఒకచోటికి తీసుకెళ్లాడు. మాది గరిటెలు చెక్కే ఇల్లు. నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రమే. నేను కట్టె పట్టుకోవడం చూసి ఒకాయన ఉలి ఇచ్చాడు. అంతే, ఇది ఏం చెట్టు, ఈ వంపు ఎలా వస్తుంది అని అడుగుతూనే ఉన్నారు. చేతిలో పని ఉంటే ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడాల్సిన పని లేదు, భయం పోతుంది. వాళ్లకు కూడా తొందర ఉండదు, నీ మాట పూర్తయ్యేదాకా ఆగుతారు. ముందు ఫోన్ చేసి, చూడటానికి రావచ్చా అని అడిగి వెళ్లు.

గెలాక్సీ రాయి (చీమకుర్తి):

అన్నా, టీచర్ గారూ, అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం స్లాబు ముందు నిలబడి రికార్డు చేశాను. విన్నాక ఎక్కడెక్కడ ఆగుతున్నానో తెలిసింది, పాలిష్ గురించి చెప్పేటప్పుడు ఫర్వాలేదు, కారణాలు చెప్పేటప్పుడు ఆగిపోతున్నాను. టీచర్ గారు చెప్పినట్టు మొదటి వారం అన్న ఇంట్లో ఉండి తర్వాత డాండినాంగ్ మారతాను. అన్నతో కూడా మాట్లాడాను, అర్థం చేసుకున్నాడు.

ఇంకో రెండు సందేహాలు. అక్కడ మేనేజర్ మా నాన్న వయసు మనిషి. మెయిల్స్‌లో సార్ అనే రాస్తాను. ఎదురుగా ఎలా పిలవాలి? రెండోది, ఈమధ్య కస్టమర్లు రాతి దుమ్ములో ఉండే సిలికా గురించి అడుగుతున్నారట. దానికి ఏం చెప్పాలో కూడా ముందే సిద్ధం చేసుకోవాలి కదా?

రామతీర్థం (ఒంగోలు):

పేరుతోనే పిలువు తమ్ముడూ. అక్కడ అదే మర్యాద. సార్ సార్ అంటుంటే దూరం పెట్టినట్టు అనుకుంటారు. మనకు పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవాలంటే నాలుక మడతపడుతుంది, నాకు తెలుసు. పొద్దున యార్డులోకి వెళ్లగానే "మార్నింగ్" అని పక్కన పేరు కలిపి చెప్పు. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. గౌరవం చూపించాలంటే చెప్పిన టైముకి పది నిమిషాలు ముందుండు. ఇంకోటి, తల పక్కలకు ఊపొద్దు. మనం సరే అన్నట్టు ఊపేది వాళ్లకు అవునో కాదో తెలియదు. నోటితో యస్ అను, నో అను.

సిలికా ప్రశ్న కచ్చితంగా వస్తుంది. ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి ఇంజినీర్డ్ స్టోన్‌ను, అంటే రాతి పొడిని జిగురుతో కలిపి ఫ్యాక్టరీలో చేసే రాయిని, నిషేధించారు. దాన్ని కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఎక్కువ. కోత పని చేసే కుర్రాళ్లు చిన్న వయసులోనే సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నారు, అందుకే ఆపేశారు. కిచెన్ బెంచ్‌టాప్‌లకు దాన్ని వాడినవాళ్లు ఇప్పుడు వేరే రాళ్లు చూస్తున్నారు, మన రాయికి అది అవకాశమే. మన చీమకుర్తి నల్లరాయి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటాం గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి, అందులో క్వార్ట్జ్, అంటే దుమ్ములో హాని చేసే ఆ సిలికా, బాగా తక్కువ. బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఇవన్నీ ఇంగ్లిష్‌లో చెప్పడం నేర్చుకో. కానీ శాతాలు మాత్రం నోటి లెక్క చెప్పొద్దు. మీ ఓనర్‌ని అడిగి ల్యాబ్ రిపోర్టు తీసుకెళ్లు, రిపోర్టులో ఉన్న అంకెనే చదువు. "దిస్ ఈజ్ వాట్ అవర్ టెస్ట్ షోస్. ప్లీజ్ కట్ ఇట్ వెట్, విత్ మాస్క్స్." ఇదే చెప్పు. రాయి అమ్ముడుపోవడం ఎంత ముఖ్యమో, దాన్ని కోసే కుర్రాడి ఊపిరి అంతకంటే ముఖ్యం. మన ఫ్యాక్టరీల్లో కూడా.

నువ్వు కారణాల దగ్గర ఆగుతున్నానన్నావు. అక్కడ "బికాజ్" అని పొడుగు వాక్యంలోకి దిగొద్దు. ముందు విషయం చెప్పి ఆపు. ఊపిరి తీసుకుని "ది రీజన్ ఈజ్" అని కొత్త వాక్యం మొదలుపెట్టు. టైము కావాలంటే "లెట్ మీ షో యూ" అని స్లాబు దగ్గరికి నడువు. నడిచేలోపు మాట దొరుకుతుంది.

ఆఖరుగా ఎయిర్‌పోర్టు. అమ్మ పచ్చళ్లు, పొడులు, సున్నుండలు సర్దుతుంది కదా. విమానంలో ఇచ్చే కార్డులో తినుబండారాలు ఉన్నాయా అన్న చోట యస్ అని టిక్ పెట్టు, దాచొద్దు, జరిమానా గట్టిగా వేస్తారు. ఆఫీసర్ డబ్బా మూత తీసి ఇదేంటి అని అడుగుతాడు. ఏ పొడిలో ఏం కలిపారో, సున్నుండల్లో నెయ్యి ఉందో లేదో ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తుంది. వద్దంటే అక్కడే వదిలెయ్. ఏ డబ్బాలో ఏముందో ఇంగ్లిష్‌లో చీటీ రాసి అంటించి, వాటిని బ్యాగులో పైనే పెట్టుకో.